ఆరో స్తంభం

నాగావళి మీద కాలివంతెన
వెడల్పు అయిదడుగుల రెండంగుళాలు.
టేపు చెప్పింది అంతే.
ఎదురుగా సైకిలొస్తే మనిషి పక్కకి తిరగాలనీ
బొజ్జ ఉన్నవాడు ఊపిరి బిగించాలనీ
టేపుకి తెలీదు.

వైశాఖంలో పని మొదలెట్టాం,
ఏట్లో నీళ్ళకంటే ఇసుక ఎక్కువున్న రోజులు.
పిట్టగోడ రాళ్ళకి తెల్లరంగుతో అంకెలేసి
ఒక్కొక్కటే దించి
గుజరాతీపేట గట్టున వరస పేర్చాం,
బళ్ళో పిల్లల్ని ఎండలో నిలబెట్టినట్టు.

సున్నం పని తవిటయ్య మేస్త్రిది.
పాత అతుకులోంచి పెచ్చు ఒకటి గోటితో గిల్లి
నాలిక మీద వేసుకున్నాడు.
"కరక్కాయ ఉంది. బెల్లం, నల్లబెల్లం.
కట్టినోడు దొంగ కాడు" అన్నాడు.
ఎప్పుడో పోయిన కాంట్రాక్టరుకి
ఇంతకంటే మంచి సర్టిఫికెట్టు ఎవరిస్తారు?
నేను ఇచ్చినవాటి సంగతి ఇక్కడెందుకులెండి.

వెడల్పు ఎగువకా, దిగువకా అని
మూడు మీటింగులూ ఆరు పళ్ళేల జీడిపప్పూ అయ్యాయి.
ఎగువకే అన్నారు.
కొత్త ఉక్కు దూలాలు పాత రాతికి ఆనకూడదు,
పక్కన నిలబడాలి,
తాత చెయ్యి పట్టుకోకుండా
తూలితే అందేంత దూరంలో నడిచే మనవడిలా.

దిగువ వైపు పన్నెండు దీపస్తంభాలు.
దీపాలెప్పుడు పోయాయో ఎవరికీ గుర్తులేదు,
మొండేలు మిగిలాయి, భుజమెత్తున.
డ్రాయింగులో అన్నిటికీ మళ్ళీ దీపాలు,
ఇత్తడి రంగు, పాతకాలపు గాజుబుడ్డి,
కింద 'యథాపూర్వ స్థితి' అని అక్షరాలు.
ఆరోదానికి మాత్రం చుట్టూ ఎర్ర సున్నా:
పైభాగం అరిగింది. రాయి మార్చవలెను.

ఒక పొద్దున్న
ఇసుకదారిన పోవలసిన మనిషి
అడ్డంగా కట్టిన తాడు కిందనుంచి దూరి పైకొచ్చింది.
పేరు అసిరమ్మ అని తర్వాత తెలిసింది.
నెత్తిమీద ఎండుచేపల గంప.
ఎవరినీ సాయం అడగలేదు.
ఆరో స్తంభం దగ్గర మోకాళ్ళు రవ్వంత వంచి
మెడ వాల్చి
గంపని రాతి మీదకి జరిపింది.
దించడం కాదు, జరపడం.
చుట్టకుదురు విప్పి ముఖం తుడుచుకుంది.

"దీని మీద దీపం పెడతాం" అన్నాను,
వరమేదో ఇస్తున్నట్టు.

"ఎలుగు మాకెందుకు బావూ,
తెల్లారేక కదా మేం వొచ్చీది.
దీపం పెడితే గంపెక్కడ పెట్టాల,
నీ నెత్తి మీదా?"

కూలీలంతా నవ్వారు. తవిటయ్య నవ్వలేదు.
ఆమె వెళ్ళాక, పళ్ళెంలా పల్లమైనచోట
అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు.
"ఇది అరిగింది కాదు బాబూ, సెక్కింది.
ఆ ఉలి మా కాడ లేదు."

కార్తీకంలో వంతెన తెరిచారు. పదకొండడుగులు.
సైకిళ్ళు రెండు కబుర్లాడుకుంటూ పోతున్నాయి.
చక్రాల కుర్చీలో ఒక కుర్రాడు
మొదటిసారి ఏటి నడుమకొచ్చి
ఊచల సందులోంచి కిందకి ఉమ్మి
అది నీళ్ళు చేరేదాకా చూసాడు.
ఊపిరి బిగించే పని నాకూ తప్పింది.

రాత్రి గట్టు మీంచి చూస్తే
దీపాల వరసలో ఒకచోట చీకటి.
ముందుపన్ను ఊడినట్టుంది అన్నారు పై ఆఫీసరు.
ఎమ్‌బుక్కులో నా చేత్తోనే రాసాను:
స్తంభాలు పన్నెండు. దీపాలు పదకొండు.
'కారణము' అన్న గడి ముందు
పెన్ను ఎండిపోయేదాకా కూర్చుని
చివరికి
'వాడుకలో ఉన్నది' అని రాసాను.

ఆడిట్ మార్చిలో వస్తుంది.
ఈలోగా రోజూ తొమ్మిదింటికి
ఆ స్తంభం కింద చెవి తెగిన పిల్లి ఒకటి
ముందుకాళ్ళు ముడుచుకుని కూర్చుంటోంది.
దానికే అనుమానమూ లేదు.